పంట తట్టుకుంటే చాలా?

కొత్త వంగడాల గురించి రాసేవాళ్లు తరచూ వాడే వాక్యం ఒకటుంది: "ఈ రకం భారలోహాలను బాగా తట్టుకుంటుంది." చదివినవాళ్లు మంచి వార్తే అనుకుంటారు. క్యాడ్మియం ఉన్న నేలలో కూడా మొక్క వాడకుండా, దిగుబడి తగ్గకుండా పండితే ఇంకేం కావాలి? నాకు మాత్రం ఆ వాక్యం కనబడిన ప్రతిసారీ చిరాకే. తట్టుకుందన్నారు, సరే. ఆ లోహాన్ని ఎక్కడ పెట్టిందో చెప్పరేం? వేర్లోనా, ఆకులోనా, గింజలోనా? ఎక్కడ పెట్టినా మొక్క బతికే ఉంటుంది. తినేవాళ్ల సంగతే చోటును బట్టి మారిపోతుంది.

లోహవిషం తగిలినప్పుడు మొక్క చేసే ప్రతి పనీ తను బతకడానికి, నాలుగు విత్తనాలు కట్టుకోవడానికి. ఆ విత్తనాన్ని మనం ఏళ్ల తరబడి రోజూ తింటామన్న లెక్క దాని దగ్గర లేదు, ఉండాల్సిన పనీ లేదు. అందుకే పంట ఆరోగ్యాన్ని చూసి తిండి క్షేమాన్ని అంచనా వేయడం కొన్ని లోహాల విషయంలో పెద్ద పొరపాటు అంటాను. "కొన్ని" అని ఊరికే అనలేదు. అన్ని లోహాలూ ఒకే తీరున నడవవు.

రాగిని తీసుకోండి. మొక్కకు అది కావలసిన లోహమే, కాకపోతే చాలా కొద్దిగా. ఎండు ఆకులో కిలోకు 5 నుంచి 20 మిల్లీగ్రాముల దాకా ఉంటే మామూలు. 20, 30 దాటిందంటే చాలా పంటల్లో వేళ్లు గిడసబారతాయి, ఆకులు పాలిపోతాయి, దిగుబడి పడిపోతుంది. మనిషికి ఆ మోతాదులో రాగి వల్ల వచ్చే ముప్పు పెద్దగా లేదు. అంటే మనకు హాని చేసేంత రాగి పోగయ్యే లోపే పంట దెబ్బతిని, రైతు కంటబడుతుంది. జింకు, నికెల్ కూడా దాదాపు ఇదే దారి. సీసానిది ఇంకో దారి. అది వేరు కణాల గోడలకే అంటుకుని, ఫాస్ఫేటుతో కలిసి గట్టిపడి, అక్కడే ఆగిపోతుంది. ఆకుకూరల్లో దొరికే సీసంలో చాలా భాగం మట్టిగానో దుమ్ముగానో ఆకు మీద పడి అంటుకున్నదే. దాన్ని కడగడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంది. దుంపలు, గడ్డల సంగతి వేరు, అవి ఉండేదే మట్టిలో.

అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త రూఫస్ చేనీ 1980లో ఈ తేడాలను ఒకచోట చేర్చి, దీనికి "నేలకూ మొక్కకూ మధ్య ఉన్న అడ్డు" అన్న అర్థమొచ్చే పేరు పెట్టాడు. ఏదో ఒక మెట్టు దగ్గర లోహం ఆగిపోతుంది: మట్టిలో కరగక, వేరు దాటక, లేదంటే పంటే ముందు దెబ్బతిని. ఆ అడ్డును దాటిపోయేవి కొన్నే. సెలీనియం, మాలిబ్డినం పశువుల మేత విషయంలో దాటతాయి. మనుషుల తిండి విషయంలో అందరికన్నా ముందు చెప్పుకోవాల్సింది క్యాడ్మియం. ఆకులో కిలోకు 5 మిల్లీగ్రాముల దగ్గరికి చేరినా చాలా పంటల్లో పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. బియ్యంలో ఉండదగిన క్యాడ్మియానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 0.4 మిల్లీగ్రాములు. ఆకునూ గింజనూ నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా మొక్కకు నొప్పి తెలిసే మోతాదుకూ మనకు ముప్పు మొదలయ్యే మోతాదుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఈ రెండు అంకెలు చాలు చెప్పడానికి. ఆ ఖాళీలో పండిన పంటంతా పచ్చగానే ఉంటుంది.

జపాన్‌లోని టొయామా రాష్ట్రంలో, జిన్‌జు నది పారే ఊళ్లలో ఈ ఖాళీ ఎంత ప్రమాదమో తేలింది. ఎగువన కమియోకా గనిలో జింకు, సీసం తవ్వేవాళ్లు. ఆ ఖనిజంతో కలిసి ఉండే క్యాడ్మియం నదిలోకి, నది నుంచి వరిమళ్లలోకి చేరింది. మూత్రపిండాలు దెబ్బతిని, ఎముకలు మెత్తబడి, చిన్న కదలికకే విరిగే స్థితికి వచ్చారు జనం. వాళ్లలో ఎక్కువమంది నడివయసు దాటిన ఆడవాళ్లు. వాళ్లు పెట్టిన "ఇతాయి ఇతాయి" అన్న కేకే, అంటే "నొప్పి నొప్పి" అన్నదే, జబ్బుకు పేరయింది. దానికి క్యాడ్మియం కాలుష్యమే కారణమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ పొలాల మట్టిని మార్చి బాగుచేసే పని 1979లో మొదలుపెడితే 2012లో గాని పూర్తి కాలేదు.

ఈ కథ చెప్పేవాళ్లు గనిని తిట్టి ఆగిపోతారు. తిట్టాల్సిందే. కానీ అక్కడ వరి ఏం చేసిందో కూడా అడగాలి. గింజలో కిలోకు 1 మిల్లీగ్రాము క్యాడ్మియం ఉన్న వరి చూడ్డానికి మామూలు వరే. పిలకలు వేస్తుంది, ఈనుతుంది, గింజ పాలు పోసుకుంటుంది. బియ్యం రంగు మారదు, వండితే వాసన రాదు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఆ వరి క్యాడ్మియాన్ని "తట్టుకుంది".

ఇంతకీ క్యాడ్మియం మొక్కలోకి ఎలా వెళ్తుంది? దానికోసం వేర్లో ప్రత్యేకమైన ద్వారమేదీ లేదు. మొక్కకు అక్కర్లేని లోహానికి ద్వారం ఎందుకుంటుంది? అది వేరేవాటి దారిలో దూరుతుంది. వరి వేరు మాంగనీసును లోపలికి తెచ్చుకోవడానికి ఎన్‌ర్యాంప్5 అనే ప్రోటీన్‌ను వాడుకుంటుంది. క్యాడ్మియం దాదాపు అంతా ఆ దారినే వస్తోందని 2012లో జపాన్ పరిశోధకులు చూపించారు. వేరే మొక్కల్లో ఇనుమును తెచ్చే ఐఆర్‌టీ1 అనే ప్రోటీన్ కూడా జింకు, మాంగనీసు, కోబాల్టు, క్యాడ్మియం దేన్నీ గట్టిగా కాదనదు. ఇక్కడో మెలిక ఉంది. నేలలో ఇనుము అందనప్పుడు మొక్క ఈ ప్రోటీన్‌ను ఇంకా ఎక్కువ తయారు చేసుకుంటుంది. ఇనుము కోసం పడే ఆ ఆరాటంలో క్యాడ్మియం కూడా ఎక్కువ వస్తుంది. వచ్చిన క్యాడ్మియం ఇనుము పంపిణీని పాడు చేస్తుంది. క్యాడ్మియం ఎక్కువైన మొక్కలో లేత ఆకులు పసుపుబారడానికి చాలాసార్లు కారణం ఇనుము చాలకపోవడమే.

ఆర్సెనిక్ అచ్చంగా లోహం కాదు గాని, పొలంలో దాని బాధ వీటితోనే కాబట్టి ఈ జాబితాలోనే కలుపుతారు. దానికి రెండు వేషాలు. గాలి ఆడే నేలలో ఆర్సెనేట్‌గా ఉంటుంది, చూడ్డానికి ఫాస్ఫేట్‌లా ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్ దారిలో వెళ్తుంది. నీరు నిలిచిన మడిలో ఆర్సెనైట్‌గా మారి, వరి సిలికాన్ కోసం పెట్టుకున్న ఎల్‌ఎస్‌ఐ1, ఎల్‌ఎస్‌ఐ2 ద్వారాల్లోంచి వెళ్తుంది. ఈ సంగతి 2008లో శాస్త్రవేత్త జియాన్ ఫెంగ్ మా బృందం బయటపెట్టింది. వరికి సిలికాన్ అంటే మహా ప్రీతి. కాండం నిటారుగా నిలవడానికి, తెగుళ్లను ఆపడానికి అదే బలం. ఆ బలమే ఆర్సెనిక్‌కు రాచబాట వేసింది. గోధుమ, బార్లీ కంటే వరి గింజలో ఆర్సెనిక్ ఎక్కువ ఉండటానికి ముఖ్యమైన కారణాలు రెండు: ఇదొకటి, నీరు నిలిచిన మడి ఒకటి. ఆరు విద్యుదావేశాలున్న క్రోమియం కూడా ఇలాగే సల్ఫేట్ దారిలో వెళ్తుంది. అది వేర్లోనే మూడు ఆవేశాల రూపానికి మారి చాలావరకు అక్కడే ఉండిపోతుంది కాబట్టి, దాని దెబ్బ ఎక్కువగా వేరుకే.

ఈ ద్వారాలను మూసేస్తే సరిపోతుందిగా అని ఎవరికైనా తోస్తుంది. కొంతవరకు మూయవచ్చు కూడా, ఆ సంగతికి మళ్లీ వస్తాను. మూసే ప్రతి ద్వారంతో పాటు మొక్కకు కావలసింది కూడా ఏదో ఒకటి ఆగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

లోపలికి వచ్చాక మొక్క ఏం చేస్తుంది? అన్నిటికన్నా ముందు వేరు కొన నెమ్మదిస్తుంది. మోతాదు గట్టిదైతే గంటల్లోనే కణవిభజన మందగిస్తుంది, కొన లావెక్కి గోధుమ రంగుకు తిరుగుతుంది, దాని వెనక పొట్టి పొట్టి పిల్లవేళ్లు పుట్టుకొస్తాయి. కణాల గోడల్లో లిగ్నిన్ పేరుకుంటుంది. వేరు లోపలి వరసలో, నీటిని ఆపే మైనపు పదార్థం సుబెరిన్, మామూలుగా కంటే కొనకు దగ్గరగానే ఏర్పడుతుంది. మొక్కజొన్న వేరుకు ఒక పక్కనే క్యాడ్మియం తగిలేలా పెంచితే ఆ పక్కనే సుబెరిన్ ముందుగా వస్తుంది, రెండో పక్క తాపీగా ఉంటుంది. నాకు ఈ విషయమంతటిలో చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. మెదడు, నరాలు ఏమీ లేని వేరు ఏ పక్క నుంచి ఆపద వస్తోందో గుర్తించి ఆ పక్కనే కట్టడి చేసుకుంటోంది.

పైన ఆకుల్లో పత్రరంధ్రాలు మూసుకుంటాయి, పత్రహరితం తయారీ తగ్గుతుంది, కిరణజన్య సంయోగక్రియ కుంటుపడుతుంది. రాగి అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరిపి, దొరికినదాన్నల్లా కాల్చేసే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. కణపొరలు చిల్లులు పడి పొటాషియం బయటికి కారిపోతుంది. క్యాడ్మియానికి ఆ రసాయనం చేతకాదు. అది దొంగదెబ్బ తీస్తుంది: ఎంజైముల్లోని గంధకానికి అతుక్కుంటుంది, జింకు ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది, ఇలాంటి కాల్పును చల్లార్చడానికి మొక్క దాచుకున్న గ్లూటాథయాన్ నిల్వను ఖాళీ చేస్తుంది. చివరికి జరిగే నష్టం రెండింట్లో ఒకలాగే కనిపిస్తుంది. అందుకే ఆకును చూసి ఏ లోహమో చెప్పగలమనే మాటలు నేను నమ్మను.

ఆ గ్లూటాథయాన్ దగ్గర కాసేపు ఆగాలి. 1985లో గ్రిల్, వినాకర్, జెంక్ అనే జర్మనీ శాస్త్రవేత్తలు, క్యాడ్మియం తగిలిన మొక్క కణాల్లో గంధకం నిండుగా ఉన్న చిన్న పెప్టైడ్‌లను కనుక్కున్నారు. వాటికి ఫైటోకెలాటిన్లు అని పేరు పెట్టారు. గ్లూటాథయాన్ ముక్కలను గొలుసులా అతికించి మొక్క వీటిని తయారు చేస్తుంది. అతికించే ఎంజైము కణంలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, కొత్తగా పుట్టించుకోనక్కర్లేదు. లోహం వచ్చిందంటే పని మొదలు, లోహమంతా పట్టుబడగానే పని బంద్. అంటే ఏ లోహం మీద పని చేయాలో ఆ లోహమే దీనికి మీట. పట్టుబడ్డ లోహాన్ని కణంలో సంచిలా ఉండే రిక్తికలోకి నెట్టేస్తుంది మొక్క. పారేయలేని సామాను అటకెక్కించినట్టన్నమాట. ఇంట్లో తిరగడానికి అడ్డం తొలగింది గాని, సామాను ఇంట్లోనే ఉంది.

అరబిడాప్సిస్ అని, ప్రయోగశాలల్లో తరచూ వాడే చిన్న మొక్క ఒకటుంది. ఫైటోకెలాటిన్ తయారు చేయలేని అరబిడాప్సిస్ మొక్కలు కొద్దిపాటి క్యాడ్మియానికే వేరు గోధుమరంగు తిరిగి చతికిలబడతాయి. మరి ఎక్కువ తయారు చేయిస్తే మొక్క ఎక్కువ తట్టుకోవాలి కదా? 2003లో అమెరికాలోని పరిశోధకులు ఆ ఎంజైమును అరబిడాప్సిస్‌లో మామూలును మించి తయారయ్యేలా చేశారు. కొన్ని మొక్కలు క్యాడ్మియాన్ని తట్టుకోవడం పోయి మామూలు మొక్కలకన్నా తొందరగా దెబ్బతిన్నాయి. గ్లూటాథయాన్ ఉన్నది ఒక్క ఈ పనికే కాదు, కాల్పును చల్లార్చేదీ అదే. గొలుసులకే అంతా ఖర్చయితే రెండో పనికి ఏం మిగులుతుంది? ఒక జన్యువును పెంచితే చాలన్నట్టు రాసే వార్తలు చదివినప్పుడల్లా ఈ ఫలితం గుర్తొస్తుంది.

ఇక అసలు ప్రశ్న, అటక ఏ గదిలో ఉందన్నది. వరిలో వేరు కణాల రిక్తికలోకి క్యాడ్మియాన్ని నెట్టే పంపు ఒకటుంది, పేరు హెచ్‌ఎంఏ3. అది బాగా పనిచేస్తే క్యాడ్మియం వేర్లోనే బందీ. 2010లో ఒక జపాన్ బృందం క్యాడ్మియం ఎక్కువగా పైకి పంపే అంజనా ధాన్ అనే రకాన్ని, తక్కువ పంపే నిప్పన్‌బారే రకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, అంజనా ధాన్‌లో ఈ పంపు పని చేయడం లేదని తేలింది. ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. ఒకే పొలంలో రెండూ పండితే రెండూ పచ్చగానే కనిపించవచ్చు, గింజలో మాత్రం తేడా. మాకరోనీ గోధుమ అని పిలిచే డ్యూరం గోధుమలో కూడా ఇదే కుటుంబానికి చెందిన జన్యువు దగ్గరే తేడా ఉంది. రొట్టె గోధుమ కంటే డ్యూరం గింజలో క్యాడ్మియం సాధారణంగా ఎక్కువ.

దీనికి పూర్తిగా తిరగబడ్డ మొక్కలూ ఉన్నాయి. అరబిడాప్సిస్ హాలెరి అనే అడవి మొక్కలో లోహాన్ని పైకి పంపే హెచ్‌ఎంఏ4 జన్యువుకు మూడు ప్రతులున్నాయి. అది జింకును, క్యాడ్మియాన్ని వేర్లో ఉంచుకోకుండా ఆకుల్లోకి తోడేసి, అక్కడ నింపుకుని, హాయిగా పెరుగుతుంది. న్యూ కాలెడోనియా దీవిలో పిక్నాండ్రా అక్యుమినాటా అనే చెట్టుకు గాటు పెడితే కారే పాలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. ఆ పాలు ఎండితే బరువులో నాలుగో వంతు దాకా నికెలే. చెట్టుకు ఏ రోగమూ లేదు. లోహాన్ని వేర్లో బంధించిన వరీ తట్టుకున్నట్టే, ఆకుల్లో నింపుకున్న హాలెరీ తట్టుకున్నట్టే. రెండింటికీ ఒకే మార్కు వేసే పరీక్ష తిండిగింజల విషయంలో ఎందుకు పనికొస్తుంది? పొగాకు కూడా క్యాడ్మియాన్ని ఆకుల్లోకి పంపి పెద్దగా ఇబ్బంది పడని మొక్కే. పొగతాగేవాళ్ల ఒంట్లో క్యాడ్మియం మిగతావాళ్ల కంటే ఎక్కువ ఉండటానికి కారణం అదే.

ప్రయోగశాలల మీద కూడా నాకో ఫిర్యాదుంది. కాలుష్యం ఉన్న పొలాల్లో కూడా మట్టి నీటిలో కరిగి ఉండే క్యాడ్మియం సాధారణంగా ఒక మైక్రోమోలార్ (ద్రావణం గాఢతకు కొలమానం) చుట్టుపక్కలో, అంతకంటే తక్కువో ఉంటుంది. ప్రయోగాల్లో 50, 100 మైక్రోమోలార్ల ద్రావణంలో మొలకలను వారం పదిరోజులు ముంచి, అవి వాడిపోతే ఫొటో తీసి, ఏదో ఒక పదార్థం కలిపితే కాస్త తక్కువ వాడాయని చూపించి, "క్యాడ్మియం ఒత్తిడికి పరిష్కారం" అని ముగిస్తారు. అంత మోతాదులో మనం చూసేది మొక్క చావు. పొలంలో జరిగేది నెలల తరబడి, కొద్దికొద్దిగా, కనబడకుండా గింజలోకి చేరడం. పొలం సంగతి గురించి అలాంటి ప్రయోగం నుంచి నేర్చుకోగలిగింది తక్కువ. పైగా చాలా చిన్న మోతాదులో క్యాడ్మియం తగిలితే కొన్ని మొక్కలు మామూలు కంటే కాస్త ఏపుగా కూడా పెరుగుతాయి. ఏపు చూసి మురిసిపోయేవాళ్లకు అది ఇంకో ఉచ్చు.

వరి మడిలో నీటి సంగతి చూస్తే ఈ చిక్కు ఎంత ముదురుదో అర్థమవుతుంది. మడిలో నీరు నిలిస్తే మట్టిలో గాలి తగ్గుతుంది. క్యాడ్మియం గంధకంతో కలిసి సల్ఫైడుగా కరగకుండా కూర్చుంటుంది. అదే సమయంలో మట్టిలోని ఇనుప తుప్పు కరిగి, దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ నీటిలోకి వదులవుతుంది. నీరు తీసేస్తే అంతా తిరగబడుతుంది: ఆర్సెనిక్ మళ్లీ తుప్పుకు అతుక్కుంటుంది, సల్ఫైడు గాలి తగిలి విడిపోయి క్యాడ్మియం కరుగుతుంది. ఒకదాన్ని ఆపితే రెండోది లేస్తుంది. వరి కూడా తన వంతు ప్రయత్నం చేస్తుంది. కాండంలోని గాలి గొట్టాల ద్వారా వేళ్లకు ఆక్సిజన్ పంపితే అది బయటికి కారి, వేరు చుట్టూ ఎర్రటి ఇనుప పొర కడుతుంది. ఆ పొర కొంత ఆర్సెనిక్‌ను పట్టి ఉంచుతుంది. అప్పటికీ ఆర్సెనిక్ మరీ ఎక్కువైతే వెన్ను బరువు లేక నిటారుగా నిలబడుతుంది, గింజ తాలుపోతుంది, పొలుసులు చిలక ముక్కులా వంకరపోతాయి. దిగుబడి పోయే ఈ దశకు చేరడానికి చాలా ముందే బియ్యంలో ఆర్సెనిక్ కోడెక్స్ పరిమితిని దాటేసి ఉండవచ్చు. పాలిష్ పట్టిన బియ్యంలో అకర్బన ఆర్సెనిక్‌కు ఆ పరిమితి కిలోకు 0.2 మిల్లీగ్రాములు.

జపాన్‌లో క్యాడ్మియం భయం ఉన్న చోట్ల, వరి ఈనడానికి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడిలో నీరు తియ్యవద్దని రైతులకు చెబుతారు. గింజలోకి క్యాడ్మియం చేరే కీలక సమయం అది. క్యాడ్మియానికి మంచి మందే. ఆర్సెనిక్ కూడా ఉన్న నేలలో అదే మందు వికటిస్తుంది. ఇక్కడే మూసే ద్వారం సంగతి. కోషిహికారి అనే పేరున్న వరి రకం విత్తనాల మీద కార్బన్ అయాన్ల కిరణాలు పంపి, ఎన్‌ర్యాంప్5 పని చేయని మొక్కలను ఏరారు. వాటి గింజలో క్యాడ్మియం దాదాపు లేనట్టే. ఇక ఆరుతడి పెట్టి ఆర్సెనిక్‌ను కూడా తగ్గించవచ్చు. అకిత రాష్ట్రం అకితకొమాచి రకానికి ఇదే గుణం ఎక్కించి, 2025 నుంచి ఆ కొత్త రకానికి మళ్లింది. కిరణాల మాట విని కొందరు వినియోగదారులు గొడవ చేశారు. నాకు ఆ భయం అర్థమవుతుంది గాని, దానితో ఏకీభవించను. నిజమైన లోటు ఇంకోచోట ఉంది: ఆ ద్వారం మాంగనీసుది కూడా కదా. మాంగనీసు తక్కువున్న నేలలో ఈ రకాలకు గోధుమరంగు ఆకుమచ్చ తెగులు ఎక్కువ పట్టవచ్చు. ఉచితంగా ఏదీ రాలేదు. అయినా ఇది సరైన బేరమే అంటాను. ఇక్కడ మొక్క కొద్దిగా నష్టపోతోంది, తినేవాళ్లు బాగుపడుతున్నారు. "తట్టుకునే రకం" అన్న లెక్కలో ఇలాంటి రకానికి మంచి మార్కులు రాకపోవచ్చు.

మొక్కలతోనే నేలను శుభ్రం చేద్దామనే ఉత్సాహం గురించి కూడా రెండు మాటలు. ఆలోచన బాగుంటుంది, అంకెలు వేస్తే నీరసం వస్తుంది. హెక్టారు నేలలో పై 20 సెంటీమీటర్ల మట్టి ఇంచుమించు 25 లక్షల కిలోలు. అందులో కిలోకు 3 మిల్లీగ్రాముల క్యాడ్మియం ఉందనుకోండి, మొత్తం ఏడున్నర కిలోలు. దాన్ని 1 మిల్లీగ్రాముకు దింపాలంటే 5 కిలోలు తీయాలి. హెక్టారుకు 10 టన్నుల ఎండు పదార్థమిచ్చే పంట కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున పట్టుకున్నా ఏడాదికి 50 గ్రాములు. అంటే వందేళ్లు. నొకేయా సెరులెసెన్స్ లాంటి లోహప్రియ మొక్క కిలోకు 100 మిల్లీగ్రాములు పట్టుకుని, ఆ చిన్న మొక్క ఎలాగో 5 టన్నులు ఇస్తే అర కిలో, పదేళ్లు. ఏడాదికేడాది నేలలో లోహం తగ్గేకొద్దీ మొక్కకు దొరికేదీ తగ్గుతుందని ఈ లెక్కలో కలపనే లేదు. కోసిన మొక్కలను ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి. కొన్ని నేలలకు ఇది పనికొస్తుంది, కాదనను. పొద్దుతిరుగుడు వేసి నేలను శుద్ధి చేస్తూ గింజలు కూడా అమ్ముకోవచ్చనే సలహా మాత్రం నాకు మింగుడు పడదు. పొద్దుతిరుగుడు గింజలో కూడా క్యాడ్మియం బాగానే చేరుతుంది.

దానికన్నా పాత పద్ధతులే నయం. నేల పుల్లబడితే క్యాడ్మియం కరుగుతుంది, కాబట్టి సున్నం వేసి పీహెచ్ పెంచాలి. జింకు లోటు ఉన్నచోట జింకు అందించాలి, అది ద్వారం దగ్గర క్యాడ్మియంతో పోటీ పడుతుంది. ఫాస్ఫేట్ ఎరువులో క్యాడ్మియం ఎంతుందో చూడాలి. ముడి ఫాస్ఫేట్ రాయిలోనే అది ఉంటుంది. ఐరోపా సమాఖ్య భాస్వరం పెంటాక్సైడు కిలోకు 60 మిల్లీగ్రాములకు మించకూడదని నియమం పెట్టి 2022 నుంచి అమలు చేస్తోంది. సాగునీటిలో ఉప్పు ఎక్కువైతే క్లోరైడు క్యాడ్మియాన్ని పట్టుకుని కరిగిన రూపంలో ఉంచుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో బంగాళదుంపల్లో క్యాడ్మియం పెరగడానికి ఉప్పునీరే కారణమని తేలింది. నేల మారలేదు, ఎరువు మారలేదు, నీటిలో ఉప్పు చాలింది.

మరి వంగడాల దగ్గర ఏం చేయాలి? కెనడా డ్యూరం గోధుమలో ఒక దారి చూపించింది. ఒకే ఒక్క పెద్ద జన్యుస్థానం గింజలోని క్యాడ్మియాన్ని సుమారు సగానికి తగ్గిస్తుందని అక్కడ ప్రజనన శాస్త్రవేత్తలు గుర్తించి, ఆ గుణాన్ని కొత్త రకాల్లోకి ఎక్కించారు. స్ట్రాంగ్‌ఫీల్డ్ అనే రకం ఆ ప్రయత్నంలో వచ్చిందే. జన్యువు ఉన్న మొక్కలకూ లేనివాటికీ దిగుబడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ నేల నుంచి లాగే క్యాడ్మియం కూడా దాదాపు సమానమే, ఒకటి దాన్ని వేర్లో ఆపుతుంది, రెండోది పైకి పంపుతుంది. పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. గింజను కొలిచినవాళ్లకే తెలిసింది.

ఇప్పుడు గింజలో ఇనుము, జింకు పెంచిన వరి, గోధుమ రకాల కోసం చాలామంది పనిచేస్తున్నారు. ఆ లోహాలు వేర్లోంచి పైకి వచ్చే దారుల్లో కొన్ని క్యాడ్మియానివి కూడా. ఇనుము, జింకు కొలవడానికి వాళ్లు గింజను ఆమ్లంలో కరిగించి, ఏ మూలకం ఎంతుందో కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రానికి ఇస్తారు. ఆ యంత్రం అదే నమూనాలో, అదే నిమిషంలో క్యాడ్మియం, ఆర్సెనిక్ కూడా చెప్పగలదు. ఆ రెండు అంకెలు కూడా రకం పేరు పక్కన అచ్చువేయమని అడుగుతున్నాను.